సియాటిల్‌లో చిన్న బీరు కొట్టుకి మొదటిసారి వెళ్తున్నారా? ముందు ఇది చదవండి

సియాటిల్, బెల్‌వ్యూ, రెడ్మండ్ వైపు కొత్తగా వచ్చిన మనవాళ్ళు శనివారం బీరు తాగాలనుకుంటే సాధారణంగా కాస్ట్‌కోకి వెళ్ళి తెలిసిన పేరున్న పెట్టె ఒకటి తెచ్చుకుంటారు, లేదంటే పెద్ద టీవీలున్న స్పోర్ట్స్ బార్‌లో కూర్చుంటారు. ఈ రెండూ కాకుండా ఊళ్ళో ఇంకో రకం చోటు ఉంది. దాన్ని బాటిల్ షాప్ అంటారు. ఒక గోడ పొడవునా ఫ్రిజ్‌లు, వాటిలో వందల రకాల క్యాన్లు, సీసాలు, ఇంకో పక్క చిన్న కౌంటర్, దాని వెనక పదో ఇరవయ్యో ట్యాప్‌లు, నాలుగు బల్లలు. కొనుక్కుని ఇంటికి పట్టుకెళ్ళొచ్చు, అక్కడే మూత తీయించుకుని తాగొచ్చు, ట్యాప్ నుంచి గ్లాసులో పోయించుకోవచ్చు.

హైదరాబాద్‌లోనో వరంగల్‌లోనో వైన్స్, దాని పక్కన పర్మిట్ రూమ్ చూసినవాళ్ళకి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. కానీ పర్మిట్ రూమ్‌లో మీరేం తాగుతున్నారో ఎవరికీ పట్టదు, నిలబడి గబగబా కానిచ్చి వచ్చేయడమే. ఇక్కడ కౌంటర్ వెనక ఉన్న మనిషి పనే మీకు ఏది నచ్చుతుందో కనిపెట్టి చేతిలో పెట్టడం. ఆ మనిషితో నాలుగు మాటలు మాట్లాడకుండా, మీరే ఫ్రిజ్ తెరిచి బొమ్మ బాగుందని ఒక క్యాన్ తీసుకుని వచ్చేస్తే అక్కడిదాకా వెళ్ళి ఏం లాభం? నేను ఈ చిన్న కొట్లకి చాలా ఏళ్ళుగా వెళ్తున్నాను, నాకు బాగా నచ్చిన బీర్లలో సగానికి పైగా ఎవరో ఒకరు "ఇది ఒక్క గుక్క చూడండి" అని పోసిచ్చినవే.

ముందు ఐడీ సంగతి. అమెరికాలో మందు తాగడానికి, కొనడానికి 21 ఏళ్ళు నిండాలి, మీకు నలభై ఏళ్ళున్నా, తల నెరిసినా సరే ఐడీ అడుగుతారు, దానికి నొచ్చుకోవద్దు. వాషింగ్టన్ రాష్ట్రంలో మందు కొనడానికి ఐడీగా ఇండియా డ్రైవింగ్ లైసెన్స్ చెల్లదు. ఆధార్ కార్డు సంగతి చెప్పక్కర్లేదు. ఇక్కడి లైసెన్స్ ఇంకా రాకపోతే పాస్‌పోర్ట్ పట్టుకెళ్ళాలి, ఫోన్లో దాని ఫోటో చూపిస్తే ఒప్పుకోరు. మా బావ ఖమ్మం నుంచి వచ్చినప్పుడు ఈ విషయం చెప్పడం మర్చిపోయాను. 520 బ్రిడ్జి దాటి అంత దూరం వెళ్ళాక కౌంటర్ దగ్గర ఆయన పర్సులోంచి ఖమ్మం ఆర్‌టీవో ఇచ్చిన కార్డు తీశాడు. కౌంటర్ అమ్మాయి ఎంతో మర్యాదగా కుదరదని చెప్పింది, ఆయన అల్లం సోడా తాగుతూ కూర్చున్నాడు, నేను కూడా అదే తాగాను. మీ ఇంటికి చుట్టాలొస్తే పాస్‌పోర్ట్ తెమ్మని బయల్దేరేముందే చెప్పండి.

ఎప్పుడు వెళ్ళాలి? మొదటిసారైతే శుక్రవారం, శనివారం సాయంత్రాలు వద్దు. కౌంటర్ దగ్గర వరస ఉంటుంది, వాళ్ళకి మీతో మాట్లాడే తీరిక ఉండదు. మంగళవారమో బుధవారమో సాయంత్రం నాలుగైదు గంటలకి వెళ్ళండి, లేదా ఆదివారం మధ్యాహ్నం తెరవగానే. పిల్లల్ని తీసుకెళ్ళొచ్చా అన్నది షాపుని బట్టి ఉంటుంది, కొన్నిచోట్ల ఒక టైం వరకు రానిస్తారు, కొన్నిచోట్ల అసలు రానివ్వరు, ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది. కుక్కలు మాత్రం దాదాపు ప్రతిచోటా కాళ్ళ దగ్గర కనిపిస్తాయి, భయపడేవాళ్ళుంటే ముందే చెప్పి తీసుకెళ్ళండి.

లోపలికి వెళ్ళాక బల్ల దగ్గర కూర్చుని ఎవరో వస్తారని ఎదురు చూడకండి, ఎవరూ రారు. కౌంటర్ దగ్గరికి మీరే వెళ్ళాలి. కార్డు ఇస్తే ట్యాబ్, అంటే మీ పేరు మీద బిల్లు ఖాతా, తెరిచి ఉంచమంటారా, ఇప్పుడే కట్టేస్తారా అని అడుగుతారు. ఒక్క గ్లాసుకే అయితే అప్పుడే కట్టేయండి, రెండు మూడు అనుకుంటే ట్యాబ్ ఉంచి వెళ్ళేటప్పుడు కట్టొచ్చు, కార్డు వెనక్కి తీసుకోవడం మాత్రం మర్చిపోవద్దు. టిప్ గ్లాసుకి ఒక డాలర్, లేదా మొత్తం మీద పదిహేను ఇరవై శాతం. మీకోసం పది నిమిషాలు నిలబడి ఓపిగ్గా చెప్పిన మనిషికి ఇంకొంచెం ఎక్కువిస్తే బాగుంటుంది.

ఇక గోడ మీద బోర్డు. మొదటిసారి చూస్తే కళ్ళు తిరుగుతాయి, బీరు పేర్లు వింతవింతగా ఉంటాయి, పేరుని బట్టి రుచి ఏమీ తెలియదు. పేరు వదిలేసి మిగతావి చూడండి: ఏ రకం, ఎక్కడ తయారైంది, ఆల్కహాల్ శాతం ఎంత, ఎంత గ్లాసులో ఇస్తారు. ఇందులో ఆల్కహాల్ శాతం, గ్లాసు సైజు కలిపి చూడాలి. మన దగ్గర బీరంటే రెండే రకాలు, లైట్, స్ట్రాంగ్. ఎనిమిది శాతం లోపు ఉండే స్ట్రాంగ్ తాగి అదే గట్టిదనుకుంటాం. ఇక్కడ బోర్డు మీద నాలుగున్నర శాతం పిల్స్‌నర్ అనే తేలిక బీరు పక్కనే పన్నెండు శాతం ఇంపీరియల్ స్టౌట్ అనే నల్లటి గట్టి బీరు ఉంటుంది. అమెరికా లెక్కలో ఒక డ్రింక్ అంటే ఐదు శాతం బీరు పన్నెండు ఔన్సులు, అంటే 355 మిల్లీలీటర్లు. ఇక్కడి పైంట్ పదహారు ఔన్సులు, 473 మిల్లీలీటర్లు. ఎనిమిది శాతం డబుల్ ఐపీఏ (ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్, చేదు ఎక్కువుండే రకం, డబుల్ అంటే ఇంకా గట్టిది) ఒక పైంట్ తాగితే మీరు ఒకటి తాగలేదు, రెండు దాటేశారు. అందుకే గట్టి బీర్లని చిన్న గ్లాసులో, ఎనిమిదో పదో ఔన్సులు పోస్తారు. డబ్బులు తీసుకుని తక్కువ పోశారని అనుకోవద్దు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కౌంటర్ దగ్గర "మంచి బీరు ఇవ్వండి" అంటే వాళ్ళకి ఏమీ అర్థం కాదు. "ఏదైనా పర్లేదు" అన్నా అంతే. రుచి చెప్పాలి. ఈ విషయంలో మనకి గొప్ప సౌకర్యం ఉంది, ఉగాది పచ్చడి తిని పెరిగినవాళ్ళం, తీపి, పులుపు, చేదు, వగరు దేనికది నాలుకకి తెలుసు. మామూలుగా అమెరికావాళ్ళు చేదుకీ వగరుకీ తేడా చెప్పడానికి తడుముకుంటారు, మనకి కాకరకాయ వేరు, పచ్చి జామపిందె వేరు. ఆ తేడానే కౌంటర్ దగ్గర వాడుకోండి, ఇంగ్లీషులో సరైన మాట దొరక్కపోతే తిండి పేరు చెప్పండి, వాళ్ళకి అదే బాగా అర్థమవుతుంది.

ఫిల్టర్ కాఫీ చేదు, కొంచెం మాడిన బెల్లం వాసన ఇష్టమైతే స్టౌట్, పోర్టర్ అడగండి, బాగా వేయించిన బార్లీ గింజ వల్ల వచ్చే చేదు అది. కాకరకాయ వేపుడు, మెంతికూర ఇష్టంగా తినేవాళ్ళకి ఈ ఊరి వెస్ట్ కోస్ట్ ఐపీఏ నచ్చే అవకాశం ఎక్కువ, అక్కడ చేదు హాప్ అనే తీగకి పూసే పువ్వు నుంచి వస్తుంది, దాంతోపాటు బత్తాయి తొక్క, దేవదారు చెక్క లాంటి వాసన. చేదు పడదు కానీ వాసన కావాలనుకుంటే హేజీ ఐపీఏ. మబ్బుగా, పండ్ల రసంలా ఉంటుంది, సిట్రా, మొజాయిక్ అనే హాప్స్ వేసినవి పట్టుకుంటే పండిన మామిడి, జామ వాసన గుప్పున కొడుతుంది, ఎండాకాలంలో మామిడిపళ్ళ గంప దగ్గర ఉన్నట్టే ఉంటుంది. పులుపు ఇష్టమైతే సోర్ అడగండి, అందులో గోజా అనే జర్మనీ రకం ఒకటుంది, దాన్ని ఉప్పు, ధనియాలు వేసి కాస్తారు. మొదటిసారి తాగినప్పుడు నాకు ఉప్పు వేసిన నిమ్మకాయ సోడా గుర్తొచ్చింది. ఇవేవీ వద్దు, మనం ఇంట్లో తాగే లాగర్ లాంటిదే కానీ కొంచెం మంచిది కావాలంటే పిల్స్‌నర్ అడగండి, అడగడానికి మొహమాటపడకండి. మంచి పిల్స్‌నర్ కాయడం చాలా కష్టం, తప్పు చేస్తే దాచడానికి అందులో ఏమీ ఉండదు. ఈ పని చేసేవాళ్ళలో చాలామంది తమ డ్యూటీ అయ్యాక తాగేది పిల్స్‌నరే.

కొంచెం రుచి చూపించమని అడగొచ్చా? అడగొచ్చు. ట్యాప్ మీద ఉన్నవి ఒక్కో గుక్క పోసిస్తారు, డబ్బులు తీసుకోరు. ఒకటో రెండో అడగడం పద్ధతి, వెనక వరస ఉండగా ఆరు అడిగితే బాగుండదు. ఎక్కువ రకాలు చూడాలనుంటే ఫ్లైట్ అని ఉంటుంది, నాలుగైదు ఔన్సుల చిన్న గ్లాసులు నాలుగు ఒక చెక్క మీద పెట్టి ఇస్తారు. ఇద్దరు వెళ్తే ఒక ఫ్లైట్ చాలు, పంచుకోండి. తాగే వరస మాత్రం తేలికైన దాంతో మొదలుపెట్టండి: పిల్స్‌నర్ లేదా గోధుమ బీరు, తర్వాత పేల్ ఏల్, తర్వాత ఐపీఏ, స్టౌట్ చివర్లో. భోజనంలో ముందే ఆవకాయ తింటే ముద్దపప్పు రుచి తెలియనట్టు, డబుల్ ఐపీఏ తర్వాత పిల్స్‌నర్ తాగితే నీళ్ళలా ఉంటుంది. మధ్యమధ్యలో మంచినీళ్ళు తాగండి, నీళ్ళ జగ్గు ఎక్కడో పక్కన పెట్టే ఉంటుంది.

మనవాళ్ళు మొదట అడిగే మాట "కూలింగ్ ఉందా" అని. మన ఎండలకి అది సరైన ప్రశ్నే. ఇక్కడ మాత్రం స్టౌట్ తెచ్చి పెడితే గ్లాసు ముట్టుకుని "చల్లగా లేదు" అని వెనక్కి ఇవ్వకండి. బాగా చల్లగా ఉంటే నాలుక మొద్దుబారుతుంది, వాసన పైకి లేవదు. లాగర్‌కి నాలుగు నుంచి ఏడు డిగ్రీలు బాగుంటుంది, గట్టి స్టౌట్‌కి పది పన్నెండు డిగ్రీలు కావాలి. స్టౌట్ గ్లాసు బల్ల మీద పెట్టి పది నిమిషాలు ఆగి తాగి చూడండి, మొదటి గుక్కలో లేని చాక్లెట్, ఎండు ద్రాక్ష అప్పుడు బయటికొస్తాయి.

ఇప్పుడు ఫ్రిజ్ వైపు వెళ్దాం, నేను ఎక్కువసేపు నిలబడేది ఇక్కడే. సూపర్ మార్కెట్‌లోలా ఆరు క్యాన్ల కట్ట కొనక్కర్లేదు, చాలా కొట్లలో విడిగా ఒక్కో క్యాన్ ఇస్తారు, నాలుగు రకాలు నాలుగు తీసుకోవచ్చు. అక్కడే తాగితే క్యాన్ ధర మీద ఒకటో రెండో డాలర్లు ఎక్కువ వేస్తారు, దాన్ని కార్కేజ్ అంటారు, గ్లాసు ఇచ్చి కడిగి కూర్చోబెట్టినందుకు. కొన్నిచోట్ల అదీ ఉండదు. తీసుకునే ముందు అడిగితే గొడవ ఉండదు.

క్యాన్ చేతిలోకి తీసుకోగానే తిరగేసి అడుగున తేదీ చూడండి. ఇది ఒక్కటి అలవాటు చేసుకుంటే చాలు, మీకు దొరికే బీరు సగం మెరుగవుతుంది. బీరు పాడై రోగం తెప్పించదు, కానీ హాప్స్ వాసన చాలా త్వరగా పోతుంది. కల్లు తాగేవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, పొద్దున చెట్టు దిగిన కల్లు వేరు, మధ్యాహ్నానికి లొట్టిలో ఉన్నది వేరు. కల్లుకి గంటల్లో జరిగే మార్పు ఐపీఏకి వారాల్లో జరుగుతుంది, దారి వేరు అంతే. నింపిన నెల, నెలన్నర లోపు ఐపీఏ తాగితే దాన్ని కాసినవాళ్ళు అనుకున్న రుచి దొరుకుతుంది, మూడు నెలలు దాటితే నేనైతే ముట్టుకోను. హేజీ ఐపీఏ ఇంకా తొందరగా పోతుంది, మామిడి వాసన పోయి తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది, లోపలికి చేరిన ఆక్సిజన్ చేసే పని అది. ఒకసారి ఒక కొట్లో సగం ధరకి పెట్టిన డబుల్ ఐపీఏలు నాలుగు తెచ్చుకున్నాను, ఇంటికొచ్చి చూస్తే ఏడు నెలల క్రితం నింపినవి. నాలుగూ సింకులో పోశాను. ఆ డబ్బుతో తాజాది ఒకటి కొనుక్కుని ఉంటే ఆ సాయంత్రం బాగుండేది.

తేదీ చదివేటప్పుడు రెండు విషయాలు. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత రాస్తారు, 03/05 అంటే మార్చి 5, మే 3 కాదు. మనకి ఇది అలవాటయ్యేదాకా పొరపాటు పడుతూనే ఉంటాం. రెండోది, కొందరు నింపిన తేదీ వేస్తారు, కొందరు ఎప్పటిలోగా తాగాలో వేస్తారు, ఏది వేశారో పక్కన రాసిన మాట చూసి తేల్చుకోవాలి. కొన్ని క్యాన్ల మీద 24135 లాంటి అంకె మాత్రమే ఉంటుంది, అది చాలాసార్లు 2024లో 135వ రోజు అని అర్థం, అంటే మే 14. లెక్క తేలకపోతే కౌంటర్ దగ్గరికి తీసుకెళ్ళి "ఇది ఎప్పుడు వచ్చింది" అని అడగండి. మంచి కొట్టువాళ్ళు ఈ ప్రశ్నకి సంతోషిస్తారు, పాతదైతే వాళ్ళే చెప్పి ఇంకోటి చూపిస్తారు. ఈ ప్రశ్నకి చిరాకు పడే కొట్టుకి రెండోసారి వెళ్ళక్కర్లేదని నా అభిప్రాయం.

తేదీ పాతదైనా పర్లేని బీర్లు కూడా ఉన్నాయి, అది కూడా తెలియాలి. ఇంపీరియల్ స్టౌట్, బార్లీవైన్ (పేరులో వైన్ ఉన్నా గట్టి బీరే), బెల్జియం గ్యూజ్ లాంటివి ఏళ్ళ తరబడి దాచి తాగుతారు. గ్యూజ్ గురించి రెండు మాటలు చెప్పకుండా ఉండలేను. బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అనే బీరు కాస్తారు, దానికి ఈస్ట్ ఎవరూ విడిగా వేయరు, మరిగించిన రసాన్ని రాత్రంతా వెడల్పాటి తొట్టెలో గాలికి వదిలేస్తే గాలిలో, తర్వాత పోసే చెక్క పీపాల్లో ఉన్నవే దాన్ని పులియబెడతాయి. మన తాటికల్లు లొట్టిలో తనంతట తాను పులిసినట్టే. ఒక ఏడాది, రెండేళ్ళు, మూడేళ్ళ లాంబిక్‌లు కలిపి సీసాలో పోస్తే అది గ్యూజ్. బ్రస్సెల్స్‌లోని కాంటియాన్ 1900 నుంచి ఇదే పని చేస్తోంది. ఇది తాగి బీరులా లేదేంటి అని చాలామంది మొహం చిట్లిస్తారు, కానీ ఈతకల్లు, తాటికల్లు రుచి తెలిసిన మనిషికి ఆ పులుపు, ఆ పశువుల కొట్టం వాసన ఎక్కడో తెలిసినట్టే ఉంటుంది. మా బావ రెండోసారి వచ్చినప్పుడు, ఈసారి పాస్‌పోర్ట్‌తో, నేను చిన్న సీసా ఒకటి తీయించి పోస్తే ఒక్క గుక్క తాగి "ఒరేయ్, ఇది పొద్దెక్కిన కల్లురా" అన్నాడు. నేను ఇన్నేళ్ళలో విన్న వర్ణనల్లో అంత సరైనది ఇంకోటి లేదు. సీసా అడుగున మడ్డి ఉంటుంది, కదపకుండా నెమ్మదిగా పోసుకోండి. ధర ఎక్కువే, నలుగురు పంచుకోవాల్సిన సీసా అది.

సీసాలు కొనేటప్పుడు రంగు కూడా చూడండి. తెల్ల సీసా, ఆకుపచ్చ సీసా వెలుతురుని ఆపవు, వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థం విరిగి ముక్కు మూసుకునే వాసన వస్తుంది. గోధుమరంగు సీసా చాలావరకు కాపాడుతుంది, క్యాన్ పూర్తిగా కాపాడుతుంది. కిటికీ పక్కన ఎండ పడే అరలో పెట్టిన ఆకుపచ్చ సీసా ఎంత పేరున్నదైనా వదిలేయండి. బయట అరలో ఒకటి, ఫ్రిజ్‌లో అదే ఒకటి ఉంటే ఐపీఏ మాత్రం ఫ్రిజ్‌లోదే తీసుకోండి.

తిండి సంగతి. చాలా చిన్న కొట్లలో వంటగది ఉండదు, బయట ఫుడ్ ట్రక్ ఆగుతుంది, లేదంటే బయటి తిండి తెచ్చుకోనిస్తారు, ఒకసారి అడిగి మీ బిర్యానీ పొట్లం తెచ్చుకోవచ్చు. అయితే కారానికి ఐపీఏ పడదు. హాప్స్ చేదు, ఎక్కువ ఆల్కహాల్, గ్యాస్ అన్నీ కలిసి గుంటూరు కారాన్ని ఇంకా మండిస్తాయి. చికెన్ 65, మిరపకాయ బజ్జీ లాంటి వాటికి పిల్స్‌నర్, లేదా జర్మనీ తరహా హెఫెవైజెన్ తీసుకోండి. ఆ గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన ఉంటుంది, అవి కలిపింది ఎవరూ కాదు, దాని ఈస్టే పుట్టిస్తుంది. ఒక జాగ్రత్త, ఈ వైపు కాసే అమెరికన్ హెఫెవైజెన్‌లో చాలావాటికి ఆ అరటిపండు వాసన ఉండదు, ఈస్ట్ వేరు, కాబట్టి జర్మనీ తరహాదే కావాలని చెప్పండి. మటన్ వేపుడుకి కొంచెం తియ్యగా ఉండే బ్రౌన్ ఏల్ బాగుంటుంది.

కారు గురించి గట్టిగానే చెప్తాను. తాగే ఉద్దేశంతో వెళ్తే కారు తీయకండి. బస్సు, ఉబర్, తాగని స్నేహితుడు, ఏదో ఒకటి చూసుకుని బయల్దేరండి. వాషింగ్టన్‌లో రక్తంలో ఆల్కహాల్ పరిమితి 0.08, కానీ ఆ అంకె చూసుకుని లెక్కలు వేసుకోవద్దు, తక్కువున్నా తూలుతూ నడిపితే కేసు పెడతారు. హెచ్1బీ మీద, స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకి ఇది ఇంకా పెద్ద విషయం. తాగి నడిపిన కేసులో అరెస్టయితే చాలు, కోర్టు ఇంకా ఏమీ తేల్చకముందే అమెరికా విదేశాంగ శాఖ వీసా రద్దు చేయొచ్చు. ఇంటికి వెళ్ళి తిరిగొచ్చేటప్పుడు కొత్తగా స్టాంపింగ్, మెడికల్ పరీక్ష, ఎంత టెన్షనో పడ్డవాళ్ళని అడగండి. అంతకంటే ముందు రోడ్డు మీద ఎవరి ప్రాణమైనా పోతే దిద్దుకోవడానికి ఏమీ ఉండదు. ఇంకోటి, సగం తాగిన క్యాన్ గానీ, సీలు తీసిన సీసా గానీ కారులో మీ చేతికందే చోట ఉండకూడదు, అది కూడా చట్టం ప్రకారం తప్పే. ఇంటికి తీసుకెళ్ళేవి ఎప్పుడూ డిక్కీలోనే పెట్టండి.

ట్యాప్ మీద నచ్చినదాన్ని ఇంటికి తీసుకెళ్ళాలంటే రెండు దారులు. గ్రౌలర్ అంటే 64 ఔన్సుల గాజు సీసా, దాదాపు 1.9 లీటర్లు, కడిగి మళ్ళీ మళ్ళీ నింపించుకోవచ్చు. క్రౌలర్ అంటే 32 ఔన్సుల పెద్ద క్యాన్, మీ కళ్ళముందే నింపి మిషన్‌తో మూత బిగిస్తారు. నేను క్రౌలరే తీసుకుంటాను. గ్రౌలర్ ఒకసారి తెరిస్తే మర్నాటికి గ్యాస్ పోతుంది, ఇద్దరున్న ఇంట్లో రెండు లీటర్లు ఒక్క రాత్రి తాగడం మంచిది కాదు. ఏదైనా వారం లోపు తాగేయండి, ఫ్రిజ్‌లో ఉంచండి, ఆగస్టులో డిక్కీలో పెట్టి మాల్‌కి వెళ్ళకండి.

ఇండియాకి పట్టుకెళ్ళాలనుకునేవాళ్ళకి: చేతి సంచిలో కుదరదు, చెక్ ఇన్ పెట్టెలో పెట్టాలి. మన కస్టమ్స్ సుంకం లేకుండా ఒక్కొక్కరికి రెండు లీటర్ల వరకు మద్యం తెచ్చుకోనిస్తుంది, బీరైనా అంతే. 473 మిల్లీలీటర్ల క్యాన్లు నాలుగైతే 1.9 లీటర్లు దాటవు, లెక్క సరిగ్గా సరిపోతుంది. ఒక్కో క్యాన్‌ని జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, తువ్వాలు చుట్టి, పెట్టె మధ్యలో పెట్టండి, అంచున వద్దు. ఐపీఏ తీసుకెళ్తే ఇంటికి చేరిన రోజే ఫ్రిజ్‌లో పెట్టి ఆ వారంలోనే తాగించండి. మా నాన్నగారి స్నేహితులకి నేను స్టౌట్ పట్టుకెళ్తాను, అది దారిలో వేడి తగిలినా కొంచెం ఓర్చుకుంటుంది.

ఇక ఏ కొట్టుకి వెళ్ళాలంటే, ఈ ఊళ్ళో పాతవాటిలో వాలింగ్‌ఫర్డ్‌లోని బాటిల్‌వర్క్స్ ఒకటి, 1999లో మొదలైంది, బెల్జియం సీసాలు అక్కడ చూడాలి. గ్రీన్‌వుడ్‌లో 85వ వీధి మీదున్న చక్స్ హాప్ షాప్ ఒకప్పుడు మామూలు చిల్లర కొట్టు. బాలర్డ్ వైపు వెళ్తే నడిచే దూరంలోనే చిన్న చిన్న బ్రూవరీలు అరడజనుకి పైగా ఉన్నాయి. కానీ మొదటిసారికి మీ ఇంటికి దగ్గరగా, నడిచి వెళ్ళొచ్చేంత దూరంలో ఏది ఉంటే దానికే వెళ్ళండి. వాళ్ళు మిమ్మల్ని గుర్తుపట్టడం మొదలుపెట్టాక, "పోయినసారి మీకు ఆ గోజా నచ్చింది కదా, అలాంటిదే ఇంకోటి వచ్చింది" అని వాళ్ళే చెప్తారు.

వెళ్ళే నెల మీ చేతిలో ఉంటే సెప్టెంబరు రెండో సగం చూసుకోండి. సియాటిల్ నుంచి 140 మైళ్ళ దూరంలో, కొండలు దాటాక యాకిమా లోయ ఉంది, అమెరికాలో పండే హాప్స్‌లో దాదాపు నాలుగింట మూడు వంతులు అక్కడివే. ఆగస్టు చివర్లో కోత మొదలవుతుంది. కోసిన పువ్వుని మామూలుగా బట్టీలో ఎండబెట్టి బేళ్ళు కడతారు, ఏడాదంతా కాసే బీర్లకి వాడేది ఆ ఎండుపువ్వే. ఈ కొన్ని వారాలు మాత్రం ఇక్కడి బ్రూవరీలవాళ్ళు లారీ వేసుకుని తోటకి వెళ్ళి, పచ్చి పువ్వుని ఒక్క రోజు కూడా గడవకముందే తెచ్చి కాగులో వేస్తారు. దాన్ని ఫ్రెష్ హాప్ బీరు అంటారు. ఎండు కొత్తిమీరకీ, తోటలో అప్పుడే తుంచిన కొత్తిమీరకీ ఎంత తేడా ఉంటుందో అంత తేడా. దూరం పంపరు, నిలవ ఉండదు, అక్టోబరు దాటితే మళ్ళీ ఏడాది ఆగాలి. ఆ రోజుల్లో కౌంటర్ దగ్గరికి వెళ్ళి బోర్డు వైపు చూడకుండానే "ఫ్రెష్ హాప్ ఏమేం వచ్చాయి" అని అడగండి, ఎదుటి మనిషి మొహం వెలిగిపోతుంది, ముందు ఏది పోయాలో వాళ్ళే చెప్తారు.